ప్యాంటుకు అంటుకున్న గింజలు

మా ఆయన డేవిడ్ ప్యాంట్లు నానబెట్టే ముందు వాటికి అంటుకున్న గడ్డిగింజలు ఏరాలి. మా ఇంట్లో ఇది శనివారం పని, అంటే నా పని. సూదిమొనలాంటి గింజ, దాని వెనక పొడవాటి తోక. ఏరకుండా నీళ్లలో వేస్తే ఆ తోక తడిసి మెలి తిరుగుతుంది. మెలి తిరిగినకొద్దీ గింజను గుడ్డలోకి ఇంకా లోతుగా తోస్తుంది. నేలలోకి దిగడానికి ఆ గడ్డి నేర్చుకున్న ఉపాయమది. నేల అనుకుని డేవిడ్ ప్యాంటులోకి దిగింది, దాని ఖర్మ. ఒకసారి నేను ఏరడం మరిచిపోయాను. మర్నాడు ఆఫీసు కుర్చీలో కూర్చోగానే ఆయనకు ఎక్కడో గుచ్చుకుందట. సాయంత్రం వచ్చి బూట్లయినా విప్పకుండానే అన్నాడు, "పొద్దంత ఇంట్లనే ఉంటవ్. గీ గడ్డిపోసలన్న జర చూడరాదా?"

పొద్దంతా ఇంట్లో ఉండి నేనేం చేస్తానో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాకుండా నేనే చూసుకున్నాను కదా. అన్నం వేళకు ఉంటుంది, పాప వేళకు స్కూలుకు పోతుంది, అత్తమ్మ మోకాళ్లకు వేళకు నూనె పడుతుంది. ఇవన్నీ మా కిరాయి ఇంట్లో గోడలకు సున్నం ఉన్నట్టు వాటంతట అవే ఉన్నాయని ఆయన నమ్మకం.

ఏరిన గింజలను నేను పారేయను. ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి పెట్టుకుంటాను. మా అత్తమ్మ బిక్షమ్మ వాకిట్లో ఎండకు కూర్చుని ఇదంతా చూస్తూ ఉంటుంది. "కోడలు ఎమ్మెస్సీ చదివిందని చర్చిల అందరికి చెప్పుకున్న. గడ్డిగింజలు ఏరుడు నేర్పిండ్రా ఏందే మీ కాలేజీల?" అంటుంది. నిజంగానే అదే నేర్పారు అత్తమ్మా అంటే నవ్వుతుంది. నేను పరిహాసం చేశాననుకుంటుంది.

ఏడాదిపాటు జడ్చర్లలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. అక్కడ నేను పాఠం చెప్పిన గంటలకంటే పూలగుచ్ఛాలు కట్టిన గంటలు ఎక్కువ. అతిథులు ఎవరొచ్చినా కరస్పాండెంట్ గారు గుమ్మంలో తల పెట్టి, "బోటనీ మేడం, జర పూల సంగతి, చాయ్ సంగతి చూడుండ్రి" అనేవారు. ఫిజిక్స్ సారు కాళ్లు చాపుకుని పేపరు చదువుకునేవాడు. ఫిజిక్సుకూ చాయ్‌కీ సంబంధం లేదు కాబోలు. అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఇంట్లో ఎవరు ఉండాలి అనే చర్చే జరగలేదు. మామయ్య ఇస్రాయేలు నాతో ఎంతో ప్రేమగా, "నీ నౌకరి ఏడికి పోతది బిడ్డా, మళ్ల చేసుకుందువు" అన్నారు. నా నౌకరి ఎటు పోయిందో మళ్లీ ఎవరూ అడగలేదు.

డేవిడ్ చెడ్డవాడు కాదు. ఈ మాట చెప్పడం మా పుట్టింటివాళ్లకూ అత్తింటివాళ్లకూ చాలా ఇష్టం. తాగడు, కొట్టడు, జీతం ఇంటికే తెస్తాడు. మంచి మొగుడి కొలత ఇంత కిందికి దించాక దాన్ని దాటలేని మగవాడు ఎక్కడుంటాడు? ఆయన బీకాం చదివి పలుగురాళ్ల కంపెనీలో లెక్కలు చూడటానికి చేరాడు. క్వారీలో రాయి అయిపోయాక కంపెనీకి ఒక ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ కావలసి వచ్చింది. ఖాళీగా ఉన్న మనిషి డేవిడ్. జేబుకు కొత్త కార్డు తగిలించుకుని వచ్చి, "ఇగ నేను కూడ నీ లైన్లకే వచ్చిన" అని స్వీటు నా నోట్లో పెట్టాడు. మా ఆయనకు మొక్కల్లో రెండే జాతులు తెలుసు. కొన్నవి, పీకవలసినవి.

ఆ క్వారీ మా ఇంటికి బస్సులో గంట దూరం. అక్కడ ఒకప్పుడు ఒక గుట్ట ఉండేది. దాన్ని తవ్వి తెల్లని పలుగురాయి ఎత్తుకుపోయి, పనికిరాని రాయీ మన్నూ పక్కన పోస్తే ఇంకో గుట్ట లేచింది. ఊరివాళ్లు దాన్ని తెల్లగుట్ట అంటారు. వానకు జారుతుంది, ఎండకు కళ్లు తెరవనివ్వదు. క్వారీ మూసి చేతులు దులుపుకుని వెళ్లాలంటే కంపెనీ ఆ వాలు మీద పచ్చదనం తెచ్చి చూపించాలి. దానికి వాళ్లు చేసే పని ఏమిటంటే, వానలు పడగానే జేసీబీ పెట్టి వాలంతా నున్నగా గీకేవారు. తర్వాత గుంతలు తీసి నర్సరీ నుంచి తెచ్చిన కోనోకార్పస్ మొక్కలు వరుసగా నాటేవారు. ఫొటోలు దిగేవారు. ఎండాకాలానికి అవన్నీ చచ్చేవి. మళ్లీ వానలు, మళ్లీ గీకుడు, అవే గుంతల్లో కొత్త మొక్కలు, అదే నవ్వుతో అదే ఫొటో. తనంతట తాను మొలిచిన గడ్డీ గాదం ప్రతి ఏడూ జేసీబీ పళ్ల కింద పోయేవి. వాటిని పోగొట్టడాన్నే వాళ్లు పని అనుకునేవారు.

ఆ ఫొటోలు చూసి నేనే ఒకరోజు చపాతీలు ఒత్తుతూ అన్నాను. "ఆ గుట్టను నాలుగేండ్లు గీకకుండ వదిలిపెట్టు."

"వదిలిపెడితే పిచ్చిచెట్లు మొలుస్తయి."

"మొలవాలె."

ఆయన నవ్వాడు. కానీ ఆ ఏడు కంపెనీ డీజిల్ ఖర్చు తగ్గించుకోమంది, పై అధికారి ఎవరూ గుట్టకు రాలేదు. జేసీబీ పిలవాలంటే నలుగురికి ఫోన్లు చేయాలి. డేవిడ్ నా మాట విన్నది తెలివితో కాదు, బద్ధకంతో. అది చాలు అనుకున్నాను.

ఆదివారాలు చర్చి అయ్యాక నన్ను బండి మీద గుట్టకు తీసుకెళ్లేవాడు. ఆయన కింద రేకుల షెడ్డులో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసేవాడు, నేను వాలెక్కేదాన్ని. మన్ను జారకుండా అడ్డంగా రాళ్లు పేర్చాను. సీసాలోని గింజలు చల్లాను. ఆ ఊరి కాపరి పర్వతాలును అడిగి మొదటి ఏడే గుట్ట కింద మంద పెట్టించాను. మా వైపు పొలాల్లో రాత్రిళ్లు గొర్లను పడుకోబెడతారు, దానివల్ల నేలకు ఎరువు పడుతుంది, పొలం వాళ్లు కాపరికి బియ్యం ఇస్తారు. గుట్టకు మంద పెట్టమన్న మొదటి మనిషిని నేనే. పర్వతాలు నా ముఖం ఎగాదిగా చూసి, "రాళ్లకు ఎరువా చెల్లె? నీ ఇష్టం. ఒకసారి మంద దిగినంక అనుకున్నన్ని రాత్రులు పండాలె, నడుమ లేపితే మా ఇండ్లల్ల కీడు అంటరు. మళ్ల లెవ్వుమంటే లెవ్వను" అన్నాడు. సరేనన్నాను. బియ్యం మా డబ్బాలోంచే పోయాయి. "ఇంట్ల బియ్యం గొర్లకు పోస్తాంది" అని అత్తమ్మ ఊళ్లో ఆడబిడ్డకు ఫోన్ చేసి చెప్పింది. గొర్లు పెంటికల్లో రేగు గింజలూ తుమ్మ గింజలూ తెచ్చి పెట్టాయి. నేను అడిగింది అందుకే.

ముందు గడ్డి చామంతి వచ్చింది. దాని వెనక వెంపలి. వెంపలి వేళ్లు గాలిలోంచి మట్టికి బలం పట్టి ఇస్తాయి. ఆ మట్టిలో సూదిగడ్డి పట్టుకుంది, గునుగు లేచింది, తంగేడు పూసింది. తంగేడు పొదల నీడన రేగు, పరికి. వాటి కొమ్మల మీద పిట్టలు వాలి రెట్టల్లో వేపను తెచ్చాయి. ఒక రాతిసందులో సీతాఫలం కూడా. మా పుస్తకాల్లో దీన్ని మొక్కల అనుక్రమం అంటారు. ముందొచ్చినవి నేలను బాగుచేస్తాయి, వెనకొచ్చినవి అందులో నిలుస్తాయి. ఈ మాట చెప్పగానే మా చర్చిలో ఒకామె కళ్లు తుడుచుకుని, "మన ఆడోళ్ల బతుకు గంతే గద చెల్లె" అంది. నాకు ఆ పోలిక అసహ్యం. గడ్డి ఎవరికోసమూ త్యాగం చేయదు. తన బతుకు తాను బతుకుతుంది, చచ్చాక మన్నవుతుంది. బతికుండగానే మన్నవమని దానికి ఎవరూ నేర్పలేదు.

మూడో ఏడు కంపెనీ డైరెక్టర్ కమలాకర్ గారు గుట్ట చూసి ఆశ్చర్యపోయి, ఆ రాత్రి మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను మటన్ వండాను. కూర వడ్డిస్తుంటే డేవిడ్ చెబుతున్నాడు. "నేను గమనించిందేందంటే సార్, ముందు మొలిచే వాటిని మనం శత్రువులు అనుకుంటం. అవే నేలను తయారు చేస్తయి." అక్షరం పొల్లుపోకుండా నా మాట. మొన్న రాత్రి గిన్నెలు తోముతూ నేను చెప్పిన మాట. గమనించాడట. షెడ్డులో కూర్చుని ఫోన్లో గమనించి ఉంటాడు. కమలాకర్ గారు ఎముక పీలుస్తూ నా వైపు తిరిగి, "మీ ఆయనకు మొక్కలంటే ప్రాణమమ్మా" అన్నారు. "వెంపలి లేకపోతే తంగేడు వచ్చేది కాదు సార్, అది..." అని నేను మొదలుపెట్టాను. డేవిడ్ చాలా మెత్తగా, "తిరుమలా, అన్నం అడుగంటుతున్నట్టుంది, జర చూడు" అన్నాడు. అన్నం అప్పటికే వార్చి దించేశాను. అయినా లోపలికి పోయాను. మూతపెట్టిన గిన్నె ముందు నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి నివేదికా నేనే రాశాను. ఎక్కడైనా ఎవరైనా గుట్ట గురించి అడిగితే పక్కకు జరిగి నాకు ఫోన్ చేసేవాడు. నేను పొయ్యి తగ్గించి, గుసగుసగా పేర్లు చెప్పేదాన్ని. అటు ఆయన గొంతు పెంచి వాటిని సభలో చెప్పేవాడు.

ఈసారి క్రిస్మస్ తర్వాత కమిటీ వస్తుందన్నారు. వాలు చూసి సరేనంటే కంపెనీ గుట్ట వదిలి పోవచ్చు, డేవిడ్‌కు హైదరాబాద్‌లో మేనేజర్ ఉద్యోగం. ఇంట్లో అందరికీ పండుగలో ఇంకో పండుగ. వచ్చేవాళ్లకు వండుతూ, అరిసెలు వత్తుతూ, కారప్పూస తీస్తూ ఆ వారం నేను గుట్టకు పోలేదు. డేవిడ్ మాత్రం రోజూ పోయాడు. ఎన్నడూ లేనిది రోజూ పోతున్నాడే అని లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం ప్యాంట్లు తీశాను. నాకు ఆయన ప్యాంట్లు చదవడం వచ్చు. ఉత్తరేణి గింజలుంటే హైవే ధాబా వెనక బండి పెట్టాడని, ఏమీ లేకపోతే ఆఫీసు ఏసీలో కూర్చున్నాడని, సూదిగడ్డి ఉంటే గుట్ట ఎక్కాడని. ఆ వారం ప్యాంట్లన్నిటికీ మోకాళ్ల దాకా తెల్లదుమ్ము. అంచుల్లో తడిసి ఆరిన కొత్త ఎర్రమన్ను. గింజ ఒక్కటి లేదు. నేను మడతలు విప్పి చూశాను, జేబులు తిరగేసి చూశాను. డిసెంబర్‌లో ఆ గుట్ట మీద నాలుగడుగులు వేసినవాడికి గింజ అంటుకోకుండా ఉండదు. అంటుకోలేదంటే అక్కడ గడ్డి లేదు.

డేవిడ్ మంచం మీద ఫోన్ చూస్తున్నాడు. ప్యాంటు చేతిలో పట్టుకునే వెళ్లాను.

"గుట్ట మీద గడ్డేమైంది?"

"ఏ గడ్డి?"

"గీకించినవా?"

ఆయన ఫోన్ పక్కన పెట్టలేదు. "సార్ చెప్పిండు. అంత ఎండిపోయి పసుపుపచ్చగ అయింది, చూసెటోళ్లకు ఏం కొడ్తదని. బండ్లు ఆగే దిక్కు సాఫ్ అయింది. మొక్కలు దిగినయి, ట్యాంకర్ పెట్టినం. మిగిలిన దిక్కు సోమవారం గీకుతరు."

"నాలుగేండ్లాయె అది..."

"గడ్డే గద తిరుమలా. నువ్వే అంటవ్ గద, దానంతట అదే మొలుస్తదని. మళ్ల మొలుస్తది తియ్. నువ్వు ఫికర్ జెయ్యకు. ఆ, కమిటీకి పగటి భోజనం మన ఇంట్లకెల్లే పంపుత అన్న సార్‌కు. నీ మటన్ సార్‌కు ఇష్టం."

నాకు ఏడుపు రాలేదు. అరవాలనిపించలేదు. ఇన్నేళ్లు ఆయన మీద నాకు కోపం ఉందనుకున్నాను. కోపం అంటే ఎదుటివాడు మారతాడనే ఆశ ఎక్కడో మిగిలి ఉండటం. మంచం మీద ఒరిగి, నా మాటనే నాకు అప్పజెప్పి, తృప్తిగా బొటనవేలితో ఫోన్ తోసుకుంటున్న ఆ మనిషిని చూసినప్పుడు నాలో కలిగింది వట్టి చిన్నచూపు. చిల్లర తప్పు ఇచ్చిన కండక్టర్ మీద కలుగుతుందే, అంతమాత్రం. నేను ఇన్నాళ్లు వాదించింది ఈ మనిషితోనా అనిపించింది. ప్యాంటు తీసుకెళ్లి గింజలు లేవు కాబట్టి నేరుగా నానబెట్టాను. ఉతికాను కూడా. చేతులకు అలవాటు పోవడానికి టైం పడుతుంది.

ఆదివారం చర్చి బయట, అందరూ ఒకరికొకరు దండాలు పెట్టుకుంటుంటే, గోడవారకు పోయి పర్వతాలుకు ఫోన్ చేశాను.

"అన్నా, మంద ఏడ ఉంది?"

"ఈన్నే, చెరువు వెనక. ఏం చెల్లె?"

"తెల్లగుట్ట ఎక్కే బాట ఉంది గద. ఆ బాట మీద మంద పెట్టు. వచ్చే ఆదివారం దాక."

"బాట మీద ఎరువెందుకు?"

"ఎరువుకు కాదన్నా."

"ఆ జేసీబీ గురించేనా?" అన్నాడు. అవునన్నాను. "మొన్న గీకినప్పుడే నా గొర్ల మేత పోయె. దిగుత తియ్" అన్నాడు. మామయ్య వెనక నిలబడి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. బియ్యం సంగతి అన్నాను.

సోమవారం సాయంత్రం డేవిడ్ వచ్చిన తీరు చూడాలి. బ్యాగు సోఫా మీదికి విసిరాడు. "వాడెవడో గొర్లోడు బాట మీద తడికెలు కట్టి గొర్రెపిల్లలను ఏసిండు. మంద మేతకు పోయినా పిల్లలు ఆన్నే ఉన్నయి. లెవ్వురా అంటే మంద దిగినంక లెవ్వదు సార్ అంటాండు. జేసీబీ మల్లేష్ గాడు, గొర్రెపిల్లల మీదికెల్లి పోనియ్యమంటరా అని నన్నే అడుగుతాండు. గట్టిగ అంటే ఊరోళ్లు గూడుతరు, కమిటీ ముందట లొల్లి ఎందుకని సార్ ఊకొమ్మన్నడు." నేను చపాతీ పెనం మీద తిప్పాను. అత్తమ్మ, "గొర్లోళ్లకు ఏం తెలుస్తది బిడ్డా, చదువా సంధ్యా" అని కొడుకును ఓదార్చింది. ఆ చపాతీలు బాగా పొంగాయి. ఆయన రెండు ఎక్కువే తిన్నాడు.

బుధవారం కమిటీ. డేవిడ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని చీకటుండగానే పోయాడు. పోతూ పోతూ, "పన్నెండు గంటల వరకు బండి పంపుత, డబ్బాలు రెడీ పెట్టు" అన్నాడు. పాపకు జడలు వేసి స్కూలు ఆటో ఎక్కించాను. తర్వాత తల దువ్వుకుని, సీసా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాను.

"ఏడికే పొద్దుగాల్నే?" అంది అత్తమ్మ.

"గుట్టకు."

"మరి కూర ఎవరు వండుతరు? పెద్దోళ్లు వస్తుండ్రు గద."

"మటన్ ఫ్రిజ్‌ల ఉంది అత్తమ్మా."

ఆమె నోరు తెరిచింది. అందులోంచి ఏం వచ్చిందో నేను వినలేదు, గేటు వేసి బస్టాండ్ వైపు నడుస్తున్నాను.

పర్వతాలు తడికెల పక్క నుంచి నాకు దారి ఇచ్చాడు. గొర్రెపిల్లలు కాళ్లకు అడ్డం పడ్డాయి. వాలెక్కి, గడ్డిలో, పెద్ద రేగుచెట్టు మొదట్లో కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే గుట్ట సగం గొరిగిన తలలా తెల్లగా ఉంది. దాని మీద కోనోకార్పస్ మొక్కలు బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా వరుసలు. నా రాళ్ల వరుసలు కనబడలేదు. వేపమొక్క ఉన్న చోటు ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయాను. అప్పుడు ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి హాయిగా ఏడ్చాను. నా చుట్టూ మిగిలిన సగంలో గడ్డి ఎండి పసుపుగా ఊగుతోంది, తంగేడుకు ఇంకా కొన్ని పూలున్నాయి. ఈ సగం కూడా పోతే నేను నాలుగేళ్లు ఏం చేశానో చెప్పడానికి లోకంలో నా మాట తప్ప ఇంకేమీ మిగలదు. నా మాటకు మా ఇంట్లో ఉన్న విలువ నాకు తెలుసు.

బండ్లు వచ్చాయి. కమలాకర్ గారు దిగారు, మా ఆయన పరుగెత్తుకెళ్లి తలుపులు తీశాడు. ముగ్గురు మగవాళ్లు, వాళ్లతో నెరిసిన జుట్టు, మెడ చుట్టూ దుపట్టా వేసుకున్న ఒకావిడ. ఆమె పేరు అతియా అనీ, యూనివర్సిటీలో పాఠం చెబుతారనీ డేవిడ్ వారం రోజులుగా ఇంట్లో అంటూనే ఉన్నాడు. ఆవిడను మెప్పిస్తే చాలని. మగవాళ్లు కోనోకార్పస్ వరుసల ముందు నిలబడి ఫొటో దిగారు. ఆవిడ దిగలేదు. ఒక మొక్కను వేలితో ఊపి చూసింది, అది మన్నుతో సహా కదిలింది. తర్వాత తలెత్తి ఇటు, పసుపుగా ఉన్న నా వైపు చూసింది. డేవిడ్‌ను ఏదో అడిగింది. మళ్లీ అడిగింది.

డేవిడ్ పక్కకు జరిగాడు. నాకు ఆ జరగడం బాగా తెలుసు. సంచిలో నా ఫోన్ మోగింది.

"తిరుమలా, జల్ది చెప్పు. ఈ మేడం నన్ను తింటాంది. ఆ పై దిక్కు ఏది ముందు మొలిచింది, ఏది వెనక మొలిచింది, గీ పక్క ఎందుకు గీకినరు అంటాంది. ఆ పసుపుపూల చెట్టు పేరేంది? మటన్ అయిందా?"

"పైకి చూడు" అన్నాను.

"ఏంది?"

"తలకాయ లేపి పైకి చూడు. రేగుచెట్టు కాడ."

చూశాడు. అంత దూరం నుంచి ముఖం కనబడదు గానీ, ఫోన్ పట్టుకున్న చేయి చెవి దగ్గరే ఆగిపోవడం కనబడింది. "నువ్వు ఈడేం జేస్తున్నవ్?" అన్నాడు గుసగుసగా. ఇన్నేళ్లు గుసగుసగా మాట్లాడింది నేను. ఆయనకు అది ఎంత బాగా కుదిరిందో.

"ఫోన్ మేడంకు ఇయ్యి."

"తిరుమలా, సార్ ఉన్నడు, ఇజ్జత్ తియ్యకు. ఇంటికి పోయినంక మాట్లాడుకుందం. నా ప్రమోషన్..."

"ఇయ్యకుంటే ఈడికెల్లే గట్టిగ ఒర్రుత."

ఫోన్ చేతులు మారింది. "ఎవరండీ?" అంది అతియా మేడం.

పొయ్యి తగ్గించి మాట్లాడే ఆ గుసగుస గొంతులో సిద్ధంగా ఉంది. దాన్ని పక్కకు తోశాను.

"నా పేరు తిరుమల మేడం. ఎమ్మెస్సీ బోటనీ. మీరు నిలబడ్డ సగం కంపెనీది, పోయిన వారం గీకి నాటారు. నేను కూర్చున్న సగం నేను నాలుగేళ్ల నుంచి చూసుకుంటున్నది. కింది సగం కూడా మొన్నటిదాకా ఇలాగే ఉండేది. ముందు గడ్డి చామంతి వచ్చింది, దాని వెనక వెంపలి. మిగతావి చూపిస్తాను, పైకి రండి."

ఆవిడ ఫోన్ డేవిడ్ చేతిలో పెట్టేసి, కమలాకర్ గారు ఏదో చెబుతుంటే చేత్తో ఆగమని, దుపట్టా నడుముకు చుట్టుకుని బాట వైపు నడిచింది. పర్వతాలు తడికె జరిపాడు. కమిటీలో మిగిలిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆవిడ వెనక నడిచారు. హైదరాబాద్ ఉద్యోగం ఇక రాదని నాకు తెలుసు. ఇంట్లో ఏం జరుగుతుందో, ఎవరెవరికి ఫోన్లు పోతాయో, ఊరి నుంచి ఎవరు వస్తారో అంతా తెలుసు. అయినా లేచి, చీర దులుపుకుని, వాళ్లకు ఎదురుగా నాలుగడుగులు దిగాను.

డేవిడ్ అందరినీ దాటుకుని ముందే పరుగెత్తుకొచ్చాడు. తడికెల దగ్గరే ఆయాసపడుతూ, ఇస్త్రీ ప్యాంటు రెండు చేతులా పైకి లాక్కుని, గడ్డిలో కాలు పెట్టబోయాడు.

"నువ్వు ఆన్నే ఉండు" అన్నాను. "ప్యాంటుకు గింజలు అంటుకుంటయి. ఇగ ఏరెటోళ్లు లేరు."